గేరు ఆయిలు చెప్పే మాట

సూళ్లూరుపేట హైవే పక్కన షెడ్డులో మా మామ లారీకి గేరు ఆయిలు మారుస్తున్నారు. వీడియోలు చూసి వెళ్లా కదా, "ఫిల్టర్ ఏది మామా?" అని అడిగా. నవ్వాడు.

ఫిల్టర్ ఉండేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో. అక్కడ ఆయిలు ఒత్తిడితోనే గేర్లు మారతాయి. సన్నటి దారుల్లో చెత్త చేరితే గేరు సరిగా పడదు. మామ బండి మాన్యువల్. ఇందులో ఆయిలు పని గేరు పళ్ల రాపిడి, వేడి తగ్గించడం.

బండి కాసేపు నడిపితే ఆయిలు వెచ్చబడి బాగా కారుతుంది. సమంగా ఉన్న నేల మీద ఆపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ముందు ఆయిలు పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూడాలి. అది రాకముందే కింది ప్లగ్ తీసేస్తే, పాతది పోయాక కొత్తది పోయడానికి దారుండదు!

కింది ప్లగ్‌కి మ్యాగ్నెట్ ఉంది. దానికి మెత్తటి ఇనుప పొడి అంటితే మామూలు అరుగుదలే. ముక్కలుంటే ప్రమాదం. మామ ప్లగ్ మీద గోరంత ముక్క కనిపించింది. మర్నాడు కోల్‌కతా లోడు. కొత్త ఆయిలు పోసి వెళ్లిపోవచ్చు. మామ లోడు వదులుకుని, గేర్‌బాక్స్ దించమన్నాడు.

మనమైతే ఎర్రర్ మెసేజ్ చదవకుండానే మళ్లీ రన్ కొడతాం.