వంచితే బిగిసే బ్లేడు

తొమ్మిదో తరగతికి పీడనం పాఠం చెబుతూ ఎప్పటిలాగే జేబులోంచి గడ్డం బ్లేడు ఒకటి తీశాను. అంచు ఎంత సన్నగా ఉంటే వైశాల్యం అంత తక్కువ, పీడనం అంత ఎక్కువ, అందుకే కోస్తుంది అని చెప్పి ముగించబోతుంటే మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. వాళ్ళ నాన్నకు బస్టాండు ఎదురుగా సెలూన్ ఉంది.

"సార్, మా తాత కత్తి వీపు ఇంత లావుంటుంది. ఈ బ్లేడేమో కాగితంలా ఊగిపోతుంది. మరి రెండూ ఒకేలా ఎలా గీస్తాయి?"

నా పీడనం సూత్రంలో దీనికి జవాబు లేదు. "రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు రావడానికి మూడు వారాలు పట్టింది.

ఇంట్లో మా నాన్నగారి రేజరు భద్రంగానే ఉంది. ఇత్తడి మీది మెరుపు పూత అక్కడక్కడా లేచిపోయింది గానీ మర మాత్రం ఇంకా బిగువుగా తిరుగుతోంది. విప్పితే మూడే ముక్కలు. పైన గొడుగులా కాస్త వంగిన మూత, కింద దువ్వెన పళ్ళున్న పలక, ఆ తర్వాత పిడి. ఆయన వసారాలో కిటికీ ఊచకి అద్దం తగిలించుకుని, స్టీలు గ్లాసులో వేడినీళ్ళు పెట్టుకుని పిడి తిప్పుతుంటే చివర్లో కిర్రుమని చిన్న చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. అక్కడేం జరుగుతోందో యాభై ఏళ్ళు దాటేదాకా చూడనేలేదు.

జరిగేది ఇంతే, బ్లేడు వంగుతుంది. పిడి బిగించేకొద్దీ కింది పలక వీపు బ్లేడును మధ్యలో పైకి తోస్తుంది, మూత అంచులు రెండు పక్కలా కిందికి నొక్కుతాయి. చదునైన రేకు కాస్తా గూన పెంకులా వంపు తిరుగుతుంది. రేజరును కంటి ఎత్తులో పట్టుకుని, వెలుతురుకి ఎదురుగా పిడిని నెమ్మదిగా తిప్పి చూడండి. రెండు అంచులూ ఒక్కసారే తలలు వంచుతాయి. నేనైతే ఆ ఆదివారం పొద్దున దాన్ని ఇరవైసార్లు బిగించి విప్పాను. మా ఆవిడ కాఫీ పెట్టి రెండుసార్లు పిలిచింది.

వంచితే ఏమొస్తుంది? ఒక పోస్టుకార్డు తీసుకోండి. పొడుగ్గా ఒక చివర పట్టుకుంటే అవతలి చివర మీద చిన్న నాణెం పెట్టినా వాలిపోతుంది. అదే కార్డును వేళ్ళతో కాస్త దోనెలా వంచి పట్టుకోండి. నాణేన్ని మోస్తుంది. రేకుల షెడ్డు మీది రేకులు ముడతలు ముడతలుగా ఉండేది ఇందుకే. వడ్రంగి స్టీలు టేపు గాల్లోకి బారెడు దూరం నిటారుగా పోయేదీ ఇందుకే. పల్చటి రేకు ఒక దిక్కున వంపు తిరిగితే, దానికి అడ్డదిక్కున ఇక సులువుగా వంగదు. బ్లేడు వంపు అడ్డంగా ఉంటుంది కాబట్టి పొడుగునా ఉన్న అంచు అలలు పోకుండా గీత గీసినట్టు నిలబడుతుంది.

ఇది సగమే. రెండో సగం నాకు ఇంకా నచ్చింది. రేకు మందం సగానికి తగ్గితే దాని బిగువు సగం కాదు, ఎనిమిదో వంతుకి పడిపోతుంది. మంగలి కత్తి వీపు ఐదారు మిల్లీమీటర్లు, ఈ బ్లేడు మిల్లీమీటరులో పదోవంతు. ఆ లెక్కన బ్లేడు వెంట్రుక దగ్గరికి వెళ్ళగానే చేతులెత్తేయాలి. కానీ ఇదే లెక్క తిరగేసీ పనిచేస్తుంది. పట్టు బయటికి పొడుచుకొచ్చిన భాగం సగానికి తగ్గితే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. మూత అంచు బ్లేడును సరిగ్గా పదునుకు దగ్గరగా పట్టుకుంటుంది కాబట్టి బయటికి కనిపించేది సన్నటి అంచొక్కటే. మందంలో పోగొట్టుకున్నదంతా పొట్టితనంలో రాబట్టుకుంటుందన్నమాట. కత్తికి వీపు తనలోనే ఉంది. బ్లేడుకు వీపు రేజరు.

ఆ పాత రేజరులో ఇంకో గమ్మత్తు కూడా ఉంది. పిడిని పూర్తిగా బిగించకుండా రవ్వంత వదిలితే వంపు తగ్గి, పదునుకీ దువ్వెనకీ మధ్య సందు పెరుగుతుంది. వారం రోజుల గడ్డానికి అలా, రోజూ గీసుకునే గడ్డానికి పూర్తి బిగింపు. మా నాన్నగారు ఊరినుంచి తిరిగొచ్చిన రోజున పిడిని పావు వంతు వెనక్కి తిప్పేవారు. మర అరిగిందేమో అనుకునేవాణ్ణి.

దీన్ని ఊహించినవాడు ఇంజినీరు కాదు, సోడా బుడ్ల మూతలు అమ్ముకునే సేల్స్‌మన్. కింగ్ క్యాంప్ జిలెట్ పనిచేసింది, బుడ్డికి బిగించే ముడతల మూత కనిపెట్టిన విలియం పెయింటర్ కంపెనీలో. జనం ఒకసారి వాడి పారేసి మళ్ళీ కొనే వస్తువేదైనా కనిపెట్టమని పెయింటరే అతనికి సలహా ఇచ్చాడు. 1895లో ఒక ఉదయం, బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో, మొద్దుబారిన కత్తిని పట్టుకుని అద్దం ముందు నిలబడ్డప్పుడు ఆలోచన తట్టిందట. కత్తిలో పనిచేసేది అంచొక్కటే, మిగతా ఉక్కంతా దాన్ని మోయడానికే కదా, ఆ మోసేదాన్ని విడిగా ఒక్కసారి కొని, అంచును మాత్రం మారుస్తూ పోతే?

సేఫ్టీ రేజరు జిలెట్ కనిపెట్టాడని పిల్లల పుస్తకాల్లో రాస్తుంటారు. ఒప్పుకోను. కత్తికి కాపు కట్టడం అంతకుముందే ఉంది. ఫ్రాన్సులో పెరె అనే కత్తుల పనివాడు 18వ శతాబ్దంలోనే వడ్రంగి చిత్రికను చూసి ఆ పని చేశాడు. అమెరికాలో కాంఫె సోదరులు 1880లో ఒకటి తెచ్చారు. కానీ వాటిలో ఉన్నది పాత కత్తి ముక్కే. దాన్ని మళ్ళీ మళ్ళీ సానపట్టాలి, తోలుపట్టీ మీద నూరాలి. జిలెట్ తెచ్చిన కొత్తదనం రక్షణ కాదు, వంగే పల్చదనం.

ఆ పల్చదనమే అతని పాలిట గండమైంది. రేకు ఉక్కును కాల్చి చప్పున చల్లారిస్తే గట్టిపడుతుంది గానీ అప్పడంలా వంకర్లు పోతుంది. ఎంఐటీ నిపుణులు సహా అడిగిన ప్రతివాడూ ఇది అయ్యే పని కాదన్నారు. లోహశాస్త్రం చదువుకుని ఉంటే తానూ అప్పుడే మానేసేవాణ్ణని జిలెట్ తర్వాత చెప్పుకున్నాడు. చివరికి చేసి చూపించినవాడు విలియం నికర్సన్, అతనూ ఎంఐటీలో చదివినవాడే. రేకును చదునుగా ఉంచుతూనే గట్టిపరిచే పద్ధతి, రెండంచులకీ పదును పెట్టే యంత్రాలు అతనివి. అయినా కంపెనీకి అతని పేరు పెట్టలేదు. ఇంగ్లీషులో 'నిక్' అంటే గాటు. గాట్లయ్య రేజరు ఎవరు కొంటారు?

1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. రేజరు ధర 5 డాలర్లు, ఆ రోజుల్లో అది కాస్త ఖరీదే. రేజరును ఊరికే పంచి బ్లేడ్ల మీద సంపాదించాడని మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పే కథ అతనికి తర్వాత తగిలించిందే. పేటెంటు చేతిలో ఉన్నన్నాళ్ళూ అతను రేజరును ప్రియంగానే అమ్మాడు. 1921లో పేటెంటు తీరాకే చవక రేజర్లు వచ్చాయి.

ఇక ఒక బ్లేడు తీసుకుని మధ్యలోని చిల్లును చూడండి. పొడుగాటి సందు, మధ్యమధ్యలో గుండ్రంగా ఉబ్బి, కప్పల్ని మింగిన పాములా. ఎందుకా ఆకారం? మొదటి జిలెట్ బ్లేడుకు వరుసగా మూడు చిల్లులుండేవి, మూతకున్న మేకులు వాటిలో దూరేవి. పేటెంటు తీరగానే ఆ మూడు చిల్లులు అందరివీ అయిపోయాయి. అప్పుడొచ్చాడు హెన్రీ గైస్‌మన్. ఆటోస్ట్రాప్ రేజరుతో డబ్బు చేసుకున్న మనిషి. కొత్త రకం సందు ఉన్న బ్లేడుకు పేటెంటు తీసుకుని జిలెట్ కంపెనీకి అమ్మచూపాడు. వాళ్ళు వద్దన్నారు. దాంతో ప్రోబాక్ పేరుతో తనే దింపాడు. ఎత్తు ఏమిటంటే, అతని బ్లేడు జిలెట్ రేజరులో పడుతుంది, జిలెట్ బ్లేడు మాత్రం అతని రేజరులో పట్టదు! చదరంగంలో ఇలాంటి ఎత్తు చూస్తే నేను లేచి చప్పట్లు కొడతాను.

1930లో జిలెట్ వాళ్ళూ సందున్న బ్లేడు తెచ్చారు. నాలుగు మూలలా చిన్న చిన్న ముక్కలు కోసేశారు, రేజరు కిందపడి మూత మూల నొక్కుకుపోయినా బ్లేడు అంచు చెడకుండా. గైస్‌మన్ వెంటనే కోర్టుకెక్కాడు. ఆ ఏడాదే రెండు కంపెనీలూ కలిసిపోవడానికి ఒప్పుకున్నాయి. లెక్కలు తీసి చూస్తే జిలెట్ వాళ్ళు ఏళ్ళ తరబడి లాభాలు ఎక్కువ చేసి చూపించారని తేలింది. చివరికి ఆ కంపెనీకి ఛైర్మన్ అయి కూర్చున్నది గైస్‌మనే. పేరు మాత్రం జిలెట్ అనే ఉంచాడు. ఏ దేశంలో, ఏ పేరుతో తయారైన బ్లేడైనా ఇవాళ్టికీ పాత మేకులున్న రేజరులోనూ, తర్వాతి కాలపు కడ్డీ ఉన్న రేజరులోనూ పడుతుంది. మన టోపాజ్ బ్లేడు మధ్యలోనూ ఆ తగాదా చిల్లు రూపంలో ఉంది.

బ్లేడు గొడవ తేలాక వెంట్రుక సంగతి చూద్దామనుకున్నాను. ఎండు గడ్డాన్ని గీసుకున్నవాడికి తెలుస్తుంది అదెంత మొండిదో. వెంట్రుకలోని కెరటిన్ పోగుల్ని కలిపి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు చాలా ఉంటాయి. నీరు దూరి వాటిని విడదీస్తే వెంట్రుక ఉబ్బి, మెత్తబడుతుంది. రెండు మూడు నిమిషాలు పడుతుంది, వేడినీళ్ళయితే ఇంకా త్వరగా. తిరుమల కల్యాణకట్టలో ముందు తల తడిపేది ఊరికే కాదు. సబ్బు గొప్ప ఏమిటంటే, ఆ నీటిని జారిపోకుండా వెంట్రుక దగ్గరే పట్టి ఉంచుతుంది.

ఒంటి సబ్బుతో అది కుదరదు, నేను చేసి చూశాను. ఒంటి సబ్బు సోడియం సబ్బు, కొబ్బరినూనె లాంటివి పడ్డాయంటే పెద్ద పెద్ద బుడగలతో నురగ గబుక్కున వస్తుంది, గబుక్కున పోతుంది. గడ్డం సబ్బులో స్టియరిక్ ఆమ్లం పాలెక్కువ, సోడియంతో పాటు పొటాషియం కూడా ఉంటుంది. బుడగలు చిన్నవి, గోడలు దళసరి, నీరు మెల్లగా కారుతుంది. రెండు గిన్నెల్లో ఒకే గడ్డం సబ్బు వేసి, ఒకదాంట్లో మా బోరునీళ్ళు, ఇంకోదాంట్లో పట్టిపెట్టిన వాననీళ్ళు పోసి బ్రష్షుతో చెరి వంద చుట్లు తిప్పాను. వాననీళ్ళ నురగ గేదె పెరుగులా బ్రష్షుకు అంటుకుని నిలబడింది. బోరునీళ్ళది ఐదు నిమిషాల్లో కుంగిపోయి గిన్నె అంచున తెల్లటి తెట్టు మిగిల్చింది. బోరునీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టి గడ్డకట్టించేశాయి. సబ్బు బాగాలేదని నేను మార్చిన మూడు బ్రాండ్లకూ ఇక్కడే క్షమాపణలు. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగకు ఈ బాధ తక్కువ. కానీ బ్రష్షు తిప్పే ఆ రెండు నిమిషాల్లోనే కదా గడ్డం నానేది. నా ఓటు బ్రష్షుకే.

అంతా సరే, వెంట్రుక ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తన. మరి నాలుగు గీతలకే బ్లేడు ఎందుకు మొండిదవుతుంది? అరిగిపోతుందనే నేనూ ఇన్నాళ్ళూ చెప్పాను. తప్పట. 2020లో సైన్స్ పత్రికలో ఎంఐటీ వాళ్ళే తేల్చారు. జానలూకా రోషోలీ అనే పరిశోధకుడు తన గడ్డం తనే గీసుకుని, ఆ బ్లేడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టాడు. అంచు నున్నగా అరగలేదు, సూక్ష్మంగా పెచ్చులూడింది. వెంట్రుక కదలకుండా నిలబడితే బ్లేడుకేమీ కావడం లేదు. వంగి పక్కకు వాలినప్పుడే, ఉక్కు లోపలి అల్లికలో ఒక బలహీన చోటు సరిగ్గా వెంట్రుక పక్కన పడితే, అక్కడ చీలిక మొదలవుతోంది. వంచితే బిగిసిన బ్లేడు, వంగే వెంట్రుక దగ్గర ఓడిపోతోంది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను, నాకందులో రుచి లేదు. 1960ల మొదట్లో విల్కిన్సన్ తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ బ్లేడు తెచ్చి జిలెట్‌కు చెమటలు పట్టించింది. 1971లో రెండు బ్లేడ్ల కాట్రిడ్జి, 1998లో మూడు, 2006లో ఐదు. మధ్యలో వాడి పారేసే ప్లాస్టిక్‌వి. వాటిలో బ్లేడును వంచే పని లేదు, చిన్న ముక్కను గట్టి ఆధారం మీద అతికిస్తారు. తిప్పడానికి పిడి లేదు, కిర్రుమనే చప్పుడూ లేదు.

మూడు వారాల తర్వాత క్లాసులో పోస్టుకార్డు వంచి, నాణెం పెట్టి, గూన పెంకుల దాకా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మళ్ళీ లేచింది.

"సార్, మా నాన్న బ్లేడును సగానికి విరిచి హోల్డరులో పెడతాడు. అందులో అది వంగదు కదా?"

ఆ సాయంత్రం సెలూన్‌కి వెళ్ళాను. వాళ్ళ నాన్న కొత్త బ్లేడును మైనం కాగితంతో సహా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని నిలువునా మడిచాడు. టప్. కాగితం లోపలే రెండు సగాలు. ఇనప రేకయితే మడతపడి అలాగే ఉండిపోయేది, ఇది వంగినంతసేపు వంగి, హద్దు దాటగానే విరిగింది. ఒక సగాన్ని కత్తి ఆకారపు హోల్డరులో పెట్టి మూసి నాకు చూపించాడు. బ్లేడు చదునుగానే ఉంది. వంపు లేదు, కాపు లేదు. రెండు దవడల మధ్యనుంచి బయటికి కనిపిస్తున్నది ఒక మిల్లీమీటరు, అంతే. నా రెండు సూత్రాల్లో రెండోదొక్కటే ఇక్కడ పనిచేస్తోంది.

"మరి కోణం? ఎంత వాలుగా పట్టుకుంటావు?" అని అడిగాను.

ఆయన నా గడ్డం కింద వేలుపెట్టి పైకెత్తి, చర్మాన్ని చెవి వైపుకి లాగాడు.

"మాట్లాడకండి సార్, తెగుద్ది."