మన ఎండలలో గులాబి: రకమును గుర్తించుట

గులాబి అను మాట పారసీకము నుండి వచ్చినది. 'గుల్' అనగా పువ్వు, 'ఆబ్' అనగా నీరు. పారసీకమున గులాబ్ అనగా పన్నీరు. ఉర్దూలోను తెలుగులోను ఆ పేరు పూవునకే స్థిరపడినది. పేరు ఒకటి, వస్తువు వేరొకటి యగుట ఈ మొక్కకు మన తోటలలోను తప్పలేదు.

మేము ఒకప్పుడు గ్లాడియేటర్ అను పెద్ద ఎర్రపూల రకమును నాటి, పేరు వ్రాసిన బిళ్ల కట్టితిమి. రెండు వేసవులు గడచిన పిమ్మట ఆ మొక్కకే లేత గులాబిరంగు పూలు గుత్తులుగా పూచినవి. నేల రంగు మార్చినదని కొందరు, అమ్మినవాడు మోసగించెనని కొందరు అన్నారు. రెండును నిజము కావు.

అంగడిలో దొరకు మేలురకపు గులాబి సాధారణముగా రెండు మొక్కల కూడిక. వేరు ఒక మొరటు జాతిది. దానిపై మేలురకపు కన్ను అంటుకట్టుదురు. కరీంనగర్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు పైరకము కొమ్మ కొస నుండి క్రిందికి ఎండిపోవును. అడుగుమొక్క మాత్రము బ్రతికి పిలకలు వేయును. మనము దానికే నీరు పోసి పెంచుచుందుము! మా తోటలో పూచినది ఎడ్వర్డ్ గులాబి.

పిలకను ఆకులు లెక్కించి గుర్తింపవచ్చునందురు: మేలురకమున ఐదు చిట్టాకులు, అడుగుమొక్కలో ఏడు. ఇది పూర్తిగా నమ్మదగినది కాదు. ఏడు ఆకుల మేలురకములును గలవు. మల్టిఫ్లోరా అడుగుమొక్కయైనచో ఆకుకాడ మొదటనున్న చిన్న రెక్కల అంచులు కుంచెవలె చీలియుండును. అన్నిటికన్న నిక్కమైన పరీక్ష మన్ను తొలగించి చూచుట. అంటుముడి క్రింది నుండి వచ్చిన కొమ్మ పిలకయే. దానిని మొదలంట లాగివేయవలెను, కత్తిరించినచో మరల చిగుర్చును. అందుకే నాటునపుడు అంటుముడిని మట్టిలో పూడ్చరాదు.

రకము పేరు నిర్ణయించుటకు వేసవి పూవు పనికిరాదు. ఎండకు రేకులు తగ్గును, రంగు వెలయును. పసుపుపై గులాబి అంచు గల 'పీస్' సైతము పాలిపోవును. దసరా దాటిన పిదప కొమ్మలు కత్తిరించినచో సుమారు నెలన్నరకు పూయు పూవే సాక్ష్యము. అప్పుడు మొగ్గ ఆకారము, రేకుల సంఖ్య, ముండ్ల తీరు, ఉదయపు పరిమళము చూడవలెను. రంగు చివరిది.

రేగడిలో నీరు నిలువకుండ మడి ఎత్తుగా కట్టుట, వేసవిలో మొదట వరిగడ్డి పరచుట, ఎండలలో కత్తెర ముట్టకుండుట: ఈ మూటితో సగము మొక్కలు దక్కును. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ వేరొక మార్గము పట్టిరి. మన దేశపు అడవి గులాబి క్లైనోఫిల్లాను సంకరపరచి, వేడికి ఓర్చు రకములను సృష్టించిరి.

మా తోటలోని ఆ మొక్కను పెరికివేయుడని సలహా వచ్చినది. మేము పెరుకలేదు. బిళ్ల మార్చి 'ఎడ్వర్డ్' అని వ్రాసితిమి. గుల్కందుకు దాని రేకులే మేలు.