సబర్ పేరుతో ఆయన బరువంతా మీరే మోస్తున్నారా?

"ఆయనకు జ్వరమండీ, ఈ నెల కిస్తీ నేను కట్టేస్తాను." ఆటో ఫైనాన్సు వాళ్ల ఫోన్ వస్తే ఆమె చెప్పే మాట ఇది. నిజానికి ఆయనకు జ్వరం లేదు. రాత్రి తాగొచ్చి పడుకున్నాడు, పొద్దున బండి తీయలేదు.

వేటపాలెంలో ఇలాంటి ఒక ఇంటిని ఊహించుకోండి. భర్త ఆటో నడుపుతాడు. భార్య జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆమె కూలి డబ్బు ఆయన అప్పులకే సరిపోతుంది. మెహర్ కింద వచ్చిన గొలుసు తాకట్టులో ఉంది. అమ్మీ అడిగితే "బీరువాలో దాచాను" అంటుంది. మన ఇళ్లలో తాగుడంటే ఇజ్జత్ పోయే విషయం కదా, అందుకే దాచిపెట్టడం ఇంకా ఎక్కువ. నికాహ్‌కు ముందు సారస్వత నికేతనం లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు చదువుకునేది. ఇప్పుడు అటు వెళ్లడమే మానేసింది. "ఎలా ఉన్నావే?" అని ఆపా అడిగితే, ఆయన ఎలా ఉన్నాడో చెబుతుంది. తన సంగతి తనకే గుర్తు రాదు.

దీన్ని కోడిపెండెన్సీ అంటారు. అంటే ఎదుటి మనిషి తప్పులను, అప్పులను, కోపాన్ని సర్దడమే జీవితంగా మారి, మన ఇష్టం, ఆరోగ్యం, డబ్బు, స్నేహాలు అన్నీ వెనక్కి పోవడం.

ఈ మాట ఎక్కడిది?

తాగుడుకు బానిసలైన వారి కుటుంబాలను గమనించడంలోంచి అమెరికాలో ఈ ఆలోచన పుట్టింది. తాగేవాళ్ల భార్యలు, బంధువులు కలిసి మాట్లాడుకోవడానికి 1951లో అల్-అనాన్ అనే సంస్థ మొదలైంది. 1986లో మెలొడీ బియటీ రాసిన పుస్తకంతో కోడిపెండెన్సీ అనే మాట సామాన్యులకూ చేరింది. అయితే ఇది డాక్టర్లు రాసే జబ్బు పేరు కాదు. ఒక అలవాటు మాత్రమే. అలవాటు కాబట్టి మార్చుకోవచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

మిమ్మల్ని మీరే అడగండి:

- ఆయన కోసం తరచూ అబద్ధం చెబుతున్నానా?
- ఆయన ముఖం చూశాకే నా రోజు మంచిదో చెడ్డదో తేలుతోందా?
- "వద్దు" అనాలంటే గుండె దడ వస్తోందా?
- ఆయన చేసిన అప్పుకు నేనే తప్పు చేసినట్టు సిగ్గుపడుతున్నానా?
- నేను లేకపోతే ఆయన ఏమైపోతాడో అన్న భయంతోనే ఉంటున్నానా?

చాలావాటికి అవునంటే ఆలోచించాలి. ఇది ఆడవాళ్ల సంగతే కాదు. భార్య అలుగుతుందేమోనని అబ్బాకు ఫోన్ చేయడమే మానేసిన మగవాళ్లూ ఉన్నారు. మంగ్నీ అయిన అబ్బాయి, మెసేజ్‌కు ఐదు నిమిషాల్లో జవాబు రాకపోతే చచ్చిపోతానంటే, దాన్ని ప్రేమ అనుకుని అమ్మాయి నిద్ర మానుకోవడమూ ఇదే దారి.

సబర్ అంటే ఇది కాదు

"సబర్ చెయ్ బేటీ" అని పెద్దలంటారు. కష్టంలో ధైర్యం చెడకుండా నిలబడటం సబర్. కిస్తీ ఆమె కడితే, ఫోన్‌లో అబద్ధం ఆమె చెబితే, తాగుడు వల్ల ఆయనకు వచ్చిన నష్టం ఏమిటి? ఏమీ లేదు. నష్టం తెలియనివాడు ఎందుకు మారతాడు? ఆమె చేసేది ప్రేమతోనే, కానీ అది ఆయనకు కాదు, తాగుడుకు సాయపడుతోంది. భార్యాభర్తల తగవులో ఇరువైపుల నుంచీ ఒక్కో పెద్దమనిషిని పెట్టుకోమని మన దీన్ కూడా చెప్పింది. నోరు మూసుకుని ఒక్కరే మోయమనలేదు. మెహర్ కూడా ఆమె సొంత ఆస్తే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నీ ఒక్కరోజులో మారవు. ఒక్క అబద్ధంతో మొదలుపెట్టండి. ఈసారి ఫోన్ వస్తే, "ఆయనతోనే మాట్లాడండి" అని ఫోన్ ఆయన చేతికివ్వండి. ఆయన తాగి ఉన్నప్పుడు వాదించొద్దు. మత్తు దిగాక, "ఇకమీదట నీ అప్పు నేను కట్టను, ఇంటి ఖర్చు, పిల్లల ఫీజు చూస్తాను. ఆసుపత్రికి వెళ్దామంటే తోడొస్తాను" అని నెమ్మదిగా చెప్పండి. చెప్పినమాట మీదే నిలబడండి. మొదట్లో ఆయన అలుగుతాడు, మీకు పాపం చేసినట్టు అనిపిస్తుంది. అది కొన్నాళ్లే. నమ్మకమైన ఒక్క మనిషికి, ఖాలాకో ఆపాకో, నిజం చెప్పండి. మానేసిన పని ఒకటి తిరిగి మొదలుపెట్టండి. వారానికోసారి లైబ్రరీకి వెళ్లినా చాలు.

ఒక జాగ్రత్త. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టరు సలహాతోనే మాన్పించాలి.

కొడుతుంటే?

అప్పుడు ఈ సలహాలు చాలవు. దెబ్బలు తినడం మీ అలవాటు కాదు, కొట్టడం ఆయన నేరం. ఎదురు తిరిగి చెప్పడం కంటే ముందు మీరు, పిల్లలు క్షేమంగా ఉండే చోటు చూసుకోండి. 2005 నాటి గృహహింస చట్టం ముస్లిం మహిళలకూ వర్తిస్తుంది. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112.

మనసు బాగోలేకపోతే టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. మత్తు మాన్పించే విషయానికి 14446 ఉంది.

ఈసారి ఆపా "ఎలా ఉన్నావే?" అని అడిగితే, ముందు మీ సంగతి చెప్పండి.