కొండ విరిగితేనే శిలాజం

తుపాను హెచ్చరిక వస్తే తీరం ఊళ్లు తలుపులు బిగించుకుంటాయి. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్‌లోనూ అంతే. కానీ గాలివాన వెలిశాక అక్కడివాళ్లు సంచులు పట్టుకుని సముద్రపు ఒడ్డుకు బయలుదేరతారు. కొండచరియ విరిగిన చోట శిలాజాలు దొరుకుతాయి మరి!

దాదాపు 20 కోట్ల ఏళ్ల కిందట, జురాసిక్ యుగం తొలినాళ్లలో, ఈ ప్రాంతమంతా వెచ్చని సముద్రం. చనిపోయిన జీవులు అడుగునున్న బురదలో చేరేవి. అక్కడ ఆక్సిజన్ తక్కువ కాబట్టి కళేబరాలను పీక్కుతినే జీవులూ తక్కువే. పైన మరింత బురద పేరుకుని, ఎముకలూ గుల్లలూ క్రమంగా రాళ్లయ్యాయి. ఆ అడుగుభాగమే ఇప్పుడు సున్నపురాయి, బంకరాయి పొరలు మారిమారి పేర్చిన కొండగా నిలిచింది.

కొండ పైభాగంలోని ఇసుకరాయి వాననీటిని పీల్చుకుంటుంది. కింది బంకపొర ఆ నీటిని దిగనివ్వదు. నీరు నిలిచి, పైభాగం బరువెక్కి జారుతుంది. కింద అలలు కోస్తూనే ఉంటాయి. 2008 మే 6న సుమారు 400 మీటర్ల మేర తీరం ఇలాగే జారిపోయింది. అలలు మట్టిని కడిగేశాక గట్టి శిలాజాలు మిగులుతాయి. వాటిలో చుట్టలు తిరిగిన అమ్మోనైట్లే ఎక్కువ. మన పూజామందిరాల్లోని గండకీ సాలగ్రామాల్లో కనిపించే చక్రాలూ అమ్మోనైట్ల ముద్రలే.

ఈ ఊరికి పేరు తెచ్చింది మేరీ ఆనింగ్ (1799–1847). వడ్రంగి కూతురు. శిలాజాలు ఏరి అమ్మడమే ఆమె జీవనాధారం. 1811లో అన్న జోసెఫ్ ఒక పెద్ద పుర్రెను చూశాడు. మరుసటి ఏడాది దాని మిగతా అస్థిపంజరాన్ని మేరీ కనిపెట్టింది. అది ఇక్తియోసార్ అనే సముద్ర సరీసృపం. 1823లో పొడవాటి మెడ ఉన్న ప్లీసియోసార్‌ను వెలికితీస్తే, ప్రఖ్యాత శాస్త్రవేత్త కువియే మొదట నమ్మలేదు. 1833లో చరియ విరిగిపడి ఆమె కుక్క చనిపోయింది. ఆమె వెంట్రుకవాసిలో బయటపడింది. లండన్ జియలాజికల్ సొసైటీ మాత్రం 1919 దాకా మహిళలను సభ్యులుగా చేర్చుకోనేలేదు.

2001లో యునెస్కో ఈ తీరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఒడ్డున విడిగా పడిన శిలాజాలను ఏరుకోవచ్చు. ఎవరూ తీయకపోతే అలలే వాటిని పిండి చేసేస్తాయి. కొండను తవ్వడానికి మాత్రం అనుమతి కావాలి. ముఖ్యమైనది దొరికితే నమోదు చేయించాలి. ఏరుకునేవాళ్ల కళ్లను నమ్మి పెట్టిన నియమాలివి. మేరీ కథ తెలిసిన ఊరికి ఆ నమ్మకం సబబే.