నీళ్లు పట్టని డిష్‌వాషర్: తప్పు యంత్రంలోనా, ట్యాంకులోనా?

డిష్‌వాషర్ బటన్ నొక్కగానే నీళ్లు రావు. ముందుగా లోపల మిగిలిన పాత నీటిని పంపు బయటికి తోడేస్తుంది. ఆ గరగర శబ్దం కాసేపు వినిపిస్తుంది. ఆ తర్వాతే వాల్వ్ తెరుచుకుని కొత్త నీళ్లు దిగుతాయి. ఒక విడతకు మూడు నుంచి ఐదు లీటర్లు చాలు. ఈ నీళ్ల కోసం యంత్రం కొన్ని నిమిషాలే ఎదురుచూస్తుంది. ఆలోగా సరిపడా నీళ్లు చేరకపోతే పని ఆపేసి, తెర మీద ఒక సంకేతం చూపిస్తుంది. ఎల్‌జీ యంత్రాల్లో అది ‘ఐఈ’. శాంసంగ్‌లో ‘4సీ’. బాష్ మోడళ్లు చాలావాటిలో ‘ఈ18’. కొన్నింట్లో చిన్న కుళాయి బొమ్మ వెలుగుతుంది.

ఈ సంకేతం చూసి యంత్రం పాడైందని చాలామంది కంగారుపడతారు. అది చెబుతున్నది ఒక్కటే: అనుకున్న సమయంలో అనుకున్నన్ని నీళ్లు రాలేదు. ఎందుకు రాలేదో యంత్రానికి తెలియదు. అందుకే తూర్పు హైదరాబాద్‌లోని వనస్థలిపురం, సాహెబ్‌నగర్, హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ లాంటి చోట్ల ఉండేవాళ్లు కారణాన్ని ముందు యంత్రం బయట వెతకడం మంచిది. ఇలా అనడానికి ఇక్కడి నీటి దారే కారణం.

డిష్‌వాషర్లు మొదట తయారైన దేశాల్లో నల్లా పైపులో రోజంతా ఒత్తిడి ఉంటుంది. యంత్రాన్ని నేరుగా ఆ పైపుకు తగిలిస్తే సరిపోతుంది. మన దగ్గర నీళ్లు వచ్చే తీరు వేరు. తూర్పు హైదరాబాద్‌కు వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి బయల్దేరతాయి. నల్గొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయానికి చేరి, కోదండాపూర్‌లో శుద్ధి అవుతాయి. గున్‌గల్ మీదుగా పైపుల్లో నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించి సాహెబ్‌నగర్ రిజర్వాయర్లకు వస్తాయి. ఈ పథకం మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో అందుబాటులోకి వచ్చాయి. ఒక్కో దశ సామర్థ్యం రోజుకు 9 కోట్ల గ్యాలన్లు, అంటే దాదాపు 41 కోట్ల లీటర్లు.

ఇంత నీరు వస్తున్నా ఇంటి నల్లాలో అది రోజంతా ఉండదు. చాలా కాలనీల్లో రోజు విడిచి రోజు, కొద్ది గంటలే వస్తుంది. వచ్చిన నీటిని సంపులో (నేల కింద కట్టిన తొట్టిలో) పట్టుకుంటాం. మోటారు వేసి మేడమీది ట్యాంకుకు ఎక్కిస్తాం. అక్కడి నుంచి నీళ్లు తమ బరువుతోనే వంటగదికి దిగుతాయి. వీధి పైపులో ఎంత ఒత్తిడి ఉన్నా అది సంపు దగ్గరే అయిపోతుంది. కనుక డిష్‌వాషర్‌కు ఎంత ఒత్తిడి అందుతుందనేది ప్రధానంగా మీ ట్యాంకు ఎత్తును బట్టి ఉంటుంది.

ఇక్కడ చిన్న లెక్క ఉంది. నీటి ఒత్తిడిని బార్‌లలో (సముద్రమట్టం దగ్గర గాలి మోపే ఒత్తిడికి దాదాపు సమానమైన కొలత) చెబుతారు. పది మీటర్ల ఎత్తున నిలిచిన నీరు ఇంచుమించు ఒక బార్ ఒత్తిడి ఇస్తుంది. చాలా డిష్‌వాషర్లకు కనీసం 0.5 బార్ కావాలని వాటితో వచ్చే పుస్తకంలో రాసి ఉంటుంది. కొన్ని మోడళ్లకు 0.3 బార్ చాలు. 0.5 బార్ రావాలంటే కుళాయి కన్నా ట్యాంకు ఐదు మీటర్లు, అంటే పదహారు అడుగులకు పైగా ఎత్తులో ఉండాలి.

కింద ఒక వాటా, పైన ఒక వాటా ఉన్న ఇల్లు తీసుకోండి. ట్యాంకును పైకప్పు మీద రెండడుగుల ఇటుక దిమ్మె మీద పెట్టారు. పై వాటా వంటగదిలో యంత్రానికి నీళ్లిచ్చే కుళాయి నేల నుంచి అడుగున్నర ఎత్తులో ఉంది. గది ఎత్తు పదడుగులు. కుళాయి నుంచి ట్యాంకు అడుగు దాకా పదిన్నర అడుగులు, అంటే 3.2 మీటర్లు. ఒత్తిడి 0.32 బార్. అదే ఇంట్లో కింది వాటాకు ఇంకో పదడుగులు కలుస్తాయి కాబట్టి 0.6 బార్ దాటుతుంది. ఒకే కంపెనీ యంత్రం కింది వాటాలో బాగా పనిచేసి, పై వాటాలో మొరాయించడానికి ఇదే కారణం. మెట్ల గది మీద ట్యాంకు పెట్టిన ఇళ్లలో పై వాటాకు కూడా ఐదు మీటర్లు దొరకవచ్చు.

ఇది నీరు నిలకడగా ఉన్నప్పటి లెక్క. నీరు పారడం మొదలవగానే పైపు గోడల రాపిడి, మలుపులు, సగం మూసుకున్న వాల్వులు అందులోంచి కొంత తినేస్తాయి. అదే సమయంలో స్నానాల గదిలో షవర్ తిప్పినా, వాషింగ్ మెషీన్ నడిచినా ఇంకొంత తగ్గుతుంది. మరోవైపు, ట్యాంకు నిండుగా ఉంటే నీటిమట్టం ఓ మీటరు పెరిగి కొంత లాభం ఉంటుంది. మీ యంత్రం మోటారు వేసిన వెంటనే నడిచి, సాయంత్రానికి ఆగిపోతోందా? అయితే లోపం యంత్రంలో కాదు, ఎత్తులో ఉందని ఎక్కువ నమ్మకంతో చెప్పవచ్చు.

దీన్ని పరీక్షించడానికి మెకానిక్ అవసరం లేదు. యంత్రం ప్లగ్ తీసి, యాంగిల్ కాక్ (గోడ లోపలి పైపు నుంచి యంత్రానికి నీళ్లు వదిలే చిన్న కుళాయి) మూసి, గొట్టం విప్పండి. కింద పది లీటర్ల బకెట్ పెట్టి కుళాయి పూర్తిగా తిప్పండి. నిమిషానికి పది లీటర్లు రావాలని కొన్ని కంపెనీలు చెబుతాయి. బకెట్ నిండటానికి రెండు మూడు నిమిషాలు పడుతోందంటే యంత్రం విప్పి ప్రయోజనం లేదు.

ఎత్తు చాలని ఇంటికి మందు బూస్టర్ పంపు. దాన్ని ట్యాంకు నుంచి దిగే పైపులో బిగిస్తారు. కుళాయి తిప్పగానే తనంతట తానే నడిచి, మూయగానే ఆగే రకం తీసుకోవాలి. పాత జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులున్న ఇళ్లలో ఒత్తిడి పెరిగితే అతుకుల దగ్గర కారే ప్రమాదం ఉంది కాబట్టి ప్లంబర్‌తో ముందు పైపులు చూపించండి. పంపును వీధి నల్లా లైనుకు మాత్రం బిగించకూడదు. అది జలమండలి (హైదరాబాద్ నీటి సరఫరా సంస్థ) నిబంధనలకు విరుద్ధం. పక్కింటివాళ్ల నీటిని మనం లాగేసుకోవడమే అవుతుంది.

బకెట్ త్వరగానే నిండితే తర్వాత చూడాల్సింది గొట్టం. యంత్రాన్ని గోడకు నెట్టినప్పుడు అది మడతపడి ఉండొచ్చు. గొట్టం యంత్రానికి చేరే చోట, లేదా కుళాయికి బిగించే చోట, చిన్న జాలీ ఉంటుంది. ఇసుక, తుప్పు లోపలికి పోకుండా ఆపేది ఇదే. కృష్ణా పైపులైనుకు మరమ్మతులు చేసేటప్పుడు జలమండలి ఒకటి రెండు రోజులు సరఫరా ఆపుతుంది. వనస్థలిపురం, హయత్‌నగర్ ప్రాంతాల పేర్లు ఆ ప్రకటనల్లో తరచూ కనిపిస్తాయి. ఖాళీ అయిన పైపులో నీరు మళ్లీ ఉరుకుతూ వచ్చినప్పుడు లోపల పేరుకున్న తుప్పు, మన్ను కదిలి వస్తాయి. మొదటి నీళ్లు ఎర్రగా రావడం ఇక్కడివాళ్లు ఎరిగినదే. ఆ మడ్డి సంపులోకి, ట్యాంకులోకి, చివరికి జాలీలోకి చేరుతుంది. వేసవిలో ట్యాంకర్ నీళ్లు పోయించుకున్నా ఇదే జరగవచ్చు. పాత టూత్‌బ్రష్‌తో, పారే నీటి కింద జాలీని శుభ్రం చేయండి. తెల్లటి పెళుసు పొర కడితే కాసేపు వెనిగర్‌లో నానబెట్టండి.

గొట్టం విషయంలో ఒక హెచ్చరిక. కొన్ని యంత్రాల గొట్టానికి కుళాయి వైపు ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. దీన్ని ఆక్వాస్టాప్ (గొట్టం చిరిగినా ఇల్లు తడవకుండా నీటిని ఆపే ఏర్పాటు) అంటారు. ఇందులో కొన్ని రకాలకు గొట్టం వెంట కరెంటు తీగలు వస్తాయి. ఆ డబ్బాను నీళ్లలో ముంచకూడదు, గొట్టాన్ని కోయకూడదు. తీగలు లేని రకంలో చిన్న కిటికీ ఉంటుంది. అందులో ఎరుపు కనిపిస్తే ఆక్వాస్టాప్ మూసుకుపోయిందని అర్థం. అప్పుడు గొట్టం మార్చాల్సిందే.

ఇక యంత్రం లోపలికి వద్దాం. నీటిని వదిలేది సోలెనాయిడ్ వాల్వ్ (కరెంటు అందితే తెరుచుకుని, ఆగితే మూసుకునే ద్వారం). కరెంటే తలుపును లాగి తెరుస్తుందని అనుకుంటాం. తీగచుట్ట అంత బలమైనది కాదు. వాల్వ్ లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. దానికి సన్నని రంధ్రం. ఆ రంధ్రం గుండా పొర పైకి చేరిన నీరు దాన్ని కిందికి నొక్కి ద్వారం మూసి ఉంచుతుంది. కరెంటు అందగానే తీగచుట్ట ఒక చిన్న ఇనుప కడ్డీని పైకి లాగుతుంది. దాంతో పొర పైనున్న నీరు జారిపోతుంది. అప్పుడు కింది నీటి ఒత్తిడే పొరను ఎత్తి దారి తెరుస్తుంది. అంటే అసలు పని చేసేది నీరే.

ఇది అర్థమైతే కనీస ఒత్తిడి ఎందుకు కావాలో తెలుస్తుంది. ఒత్తిడి చాలకపోతే పొర సరిగా లేవదు. అదే ఒత్తిడి మూసేటప్పుడూ కావాలి కాబట్టి, అది చాలని ఇంట్లో యంత్రం ఆపేశాక కూడా నీళ్లు సన్నగా కారుతూ ఉండొచ్చు. సన్నని రంధ్రంలో ఇసుక రేణువు ఇరుక్కున్నా ఇదే ఇబ్బంది.

వాల్వ్ తీగచుట్ట తెగిందో లేదో మల్టీమీటర్‌తో చూడొచ్చు. 230 వోల్టుల వాల్వులు చాలావరకు మూడు నుంచి నాలుగున్నర కిలో ఓమ్‌ల మధ్య చూపిస్తాయి. అంకె అసలే రాకపోతే తీగ తెగినట్టే. ఆ వాల్వ్‌ను బాగుచేసే ప్రయత్నం వద్దు, కొత్తది వేయించండి. ప్లగ్ తీయకుండా ఈ పరీక్ష ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. విద్యుత్ పని అలవాటు లేనివాళ్లు దీన్ని మెకానిక్‌కు వదిలేయడమే సరి.

వాల్వ్ తర్వాత చాలా యంత్రాల్లో ఫ్లో మీటర్ (నీటి ధారకు తిరిగే బుల్లి చక్రం, దాని చుట్లను బట్టి లీటర్లు లెక్క కడతారు) ఉంటుంది. మడ్డి పట్టి చక్రం ఇరుక్కుంటే నీళ్లు వస్తున్నా లెక్కకు రావు. నీళ్లు దిగుతున్న శబ్దం వినిపిస్తూనే ‘నీళ్లు లేవు’ అనే సంకేతం వస్తే అనుమానం దీని మీదికి పోవాలి.

మరో రకం ఆటంకం ఉంది. నీళ్లు రానివ్వకుండా యంత్రమే కావాలని ఆపుతుంది. అడుగున పళ్లెం లాంటి భాగంలో ఒక తేలికైన బిళ్ల ఉంటుంది. ఎక్కడైనా కారి ఆ పళ్లెంలో నీరు చేరితే బిళ్ల తేలి స్విచ్ నొక్కుతుంది. వెంటనే వాల్వ్ మూసుకుంటుంది, తోడే పంపు ఆగకుండా నడుస్తుంది. బాష్ యంత్రాల్లో దీని సంకేతం ‘ఈ15’. మన వంటిళ్లలో దీనికి ఒక సాధారణ కారణం నురుగు. డిష్‌వాషర్ పొడి అయిపోయిందని చేత్తో తోమే లిక్విడ్ పోస్తే నురుగు పొంగి తలుపు సందుల్లోంచి పళ్లెంలోకి దిగుతుంది. యంత్రాన్ని వెనక్కి వంచి నీళ్లు పారబోస్తే ఆ సంకేతం తాత్కాలికంగా పోతుంది. నురుగు కారణం కాకపోతే మాత్రం ఎక్కడ కారుతోందో వెతకాల్సిందే. లేకపోతే మళ్లీ వస్తుంది.

వచ్చిన నీళ్లు వచ్చినట్టే పోతున్నా యంత్రం నిండదు. మురుగునీటి గొట్టాన్ని వాష్ ఏరియాలోని నహాని ట్రాప్‌లో (నేల మీది నీళ్లు మురుగులోకి దిగే గుంటలో) నేల మీదే వదిలేస్తే కొన్ని యంత్రాల్లో నీరు దానంతట అదే కిందికి లాగేసుకుపోతుంది. గొట్టాన్ని పుస్తకంలో చెప్పిన ఎత్తుకు లేపి కట్టడంతో సమస్య తీరుతుంది.

ఇవన్నీ దాటినా ఈ ప్రాంతంలో వదలని శత్రువు బోరు నీటి కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండటం). తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఇది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీరు దొరకని చోట 600 దాకా సహిస్తారు. నీరు వేడెక్కితే ఈ లవణాలు సున్నపు పొరగా పేరుకుంటాయి. డిష్‌వాషర్ ప్రతిరోజూ నీటిని వేడి చేస్తుంది. ఇళ్లలో మంచి నీళ్లకు, బోరు నీళ్లకు వేర్వేరు ట్యాంకులుంటే యంత్రాన్ని కృష్ణా నీటి లైనుకే కలపాలని నా అభిప్రాయం. అన్ని విడతలూ కలిపి ఒకసారి గిన్నెలు కడగడానికి మొత్తం పది, పదిహేను లీటర్లే పడుతుంది కాబట్టి మంచి నీళ్లు వృథా అవుతాయన్న బెంగ అక్కర్లేదు. బోరు నీళ్లు తప్పనిసరైతే, నీటిని మెత్తబరిచే గది ఉన్న యంత్రంలో డిష్‌వాషర్ ఉప్పు అయిపోకుండా చూసుకోండి. వంటకు వాడే అయోడిన్ ఉప్పు అందులో పోయకూడదు.

మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: తెర మీద ఏ సంకేతం వచ్చింది, బకెట్ ఎంతసేపట్లో నిండింది, జాలీ ఎలా ఉంది. వారంటీ ఉన్న యంత్రం బయటి కవర్ మాత్రం మీరు విప్పకండి. కొత్తగా కొనాలనుకునేవారు దుకాణానికి వెళ్లేముందు వంటగది కుళాయి నుంచి ట్యాంకు అడుగు దాకా ఎత్తు కొలవండి. అది ఐదు మీటర్లకు తక్కువైతే, యంత్రం ధరతో పాటు బూస్టర్ పంపు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకోండి.