చెదరిన స్క్రిప్టులకు ఒక్క పిలుపు

విజయవాడ ఆటోనగరమునకు మరమ్మతుకై వచ్చిన లారీ ఒక్క షెడ్డులోనే బాగుపడి పోవుట అరుదు. బాడీ కట్టువారొకచోట, కమానుపట్టీలు సరిచేయువారు మఱియొకచోట నుందురు. వెల్డింగు, విద్యుత్తీగలు, రంగులు వేఱువేఱు తావులు. అయినను పని చిక్కుపడదు. ఏ పని యెక్కడ, దేని తరువాత ఏది జరుగవలెనో యెఱిగిన మేస్త్రీ యొకడుండును. షెడ్లన్నిటిని ఒక్క కప్పు క్రిందికి తేనక్కఱలేదు. వాని యాచూకియు వరుసయు ఒకచోట నుండిన చాలును. కాని యా మేస్త్రీ రానినాడు లారీ కదలదు. కంప్యూటరు సాయమున సాగు భాషాపరిశోధనకు ఈ రెండు పాఠములును వర్తించును.

స్క్రిప్టనగా ఇచట లిపి కాదు. కంప్యూటరు వరుసగా నెరవేర్పవలసిన యాదేశములను వ్రాసియుంచిన చిన్న ఫైలు. ‘అను’ ఫాంటులలో కూర్చిన యొక గ్రంథమునకు పదసూచి చేయవలెననుకొందము. ఆ ఫైలులోని సంకేతములు అక్షరములను గాక అక్షరాకృతుల ముక్కలను తెలుపును గావున మొదట యూనికోడునకు మార్చవలెను. పిదప పుటసంఖ్యలు మున్నగువానిని తొలగించి, పదములను విడదీసి, అకారాదిగా కూర్పవలెను. నాలుగు పనులకు నాలుగు స్క్రిప్టులు, నాలుగు ఫోల్డర్లలో పుట్టును. ఆఱు నెలలైన పిదప వ్రాసినవానికే వాని వరుస గుర్తుండదు.

దీనికి మొదటి యుపాయము పిలుపును సులభము చేయుట. ఆదేశపంక్తిలో ఒక పేరు వ్రాసినప్పుడు కంప్యూటరు ‘పాత్’ అను పట్టికలోని ఫోల్డర్లను వరుసగా వెదకి, ఆ పేరుతో మొదట కనబడినదానిని నడుపును. ఒక ఫోల్డరును ఆ పట్టికలో చేర్చి, ప్రతి స్క్రిప్టునకు ఒక చిన్న పిలుపుఫైలును అందుంచి, దానికి నిర్వహణానుమతి నీయవలెను. అసలు స్క్రిప్టు కదలనక్కఱలేదు. పిలుపుఫైలు మొదట ప్రణాళిక ఫోల్డరులో ప్రవేశించి, పిమ్మట స్క్రిప్టును నడుపవలెను. లేనిచో స్క్రిప్టు తన ఫైళ్లను మనము నిలిచిన ఫోల్డరులో వెదకి విఫలమగును. ఒకే పేరు రెండుచోట్ల నున్న మొదటిదే నడచునని మఱువరాదు.

ఇంతమాత్రమున పేర్లు దొరకునుగాని వరుస తెలియదు. అందులకు రెండవ యుపాయము ‘మేక్’. దీనిని 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రచించెను. ‘మేక్‌ఫైల్’ అను ఫైలులో ప్రతి ఫలితమునకును దాని యాధారములను, దానిని పుట్టించు నాదేశమును వ్రాయుదుము. ఆధారము ఫలితముకంటె క్రొత్తదైన యెడల ఆ పనియే, దానిపై నాధారపడినవియే మరల జరుగును, తక్కినవి జరుగవు.

దీని ప్రయోజనము ఒక దోషము సవరించునప్పుడు తెలియును. యూనికోడులో ఱకారము ర, ల ల నడుమ నున్నది. బడిలో నేర్పు వర్ణమాలలో చివర నుండును. సంకేతముల వరుసనే నమ్మి కూర్చిన సూచిలో ఱకారపదములు పాఠకుడు వెదకుచోట నుండవు. కూర్పు స్క్రిప్టును దిద్ది ‘మేక్ సూచి’ యన్న సూచిమాత్రమే మరల తయారగును. మార్పిడి మొదలుకొని శ్రమపడనక్కఱలేదు. అయితే ఆ స్క్రిప్టును కూడ సూచికి ఆధారముగా పేర్కొనియుండవలెను. పేర్కొననిచో, దిద్దుబాటును గమనింపక, చేయవలసిన పని లేదని ‘మేక్’ తెలుపును. పాత తప్పే సిద్ధాంతవ్యాసమున నిలుచును.

పట్టము పుచ్చుకొని విద్యార్థి వెడలిపోవును. అతని స్క్రిప్టులు మిగిలినను వాని వరుస అతనితోనే పోయినచో, తరువాతివాడు ఆ ఫలితమును పరీక్షింపజాలడు. పరీక్షింపరాని ఫలితము శాస్త్రము కాదు. కావున పర్యవేక్షకులు వ్యాసముతోపాటు మేక్‌ఫైలును కూడ కోరుట యుచితము. మేస్త్రీ లేనినాడును లారీ కదలవలెను.