వేషం కట్టే నగరాలు, ముఖం చూపిన సినిమాలు

నగరాన్ని సినిమాలో చూపించడం వేరు, నగరం స్వభావాన్ని పట్టుకోవడం వేరు. ఎత్తయిన మేడలు, దీపాల వరుసలు, వాహనాల రద్దీ ఏ కెమెరాకైనా దొరుకుతాయి. కాని ఆ ఊళ్లో కొత్తగా దిగినవాడికి అద్దె గది ఎలా దొరుకుతుంది, మొదటి జీతం ఎన్నాళ్లకు చేతికి వస్తుంది, ఆదివారం సాయంత్రం పలకరించేవారు లేకపోతే అతడు ఎక్కడికి పోయి కూర్చుంటాడు అన్నవి చూపగలిగిన చిత్రమే నగరాన్ని చూపిన చిత్రమని నా అభిప్రాయం. ఈ కొలతకు నిలబడిన కొన్ని సినిమాలను గురించి ఇక్కడ వివరిస్తాను. ఓడ దిగి చెరకు తోటలకు నడిచినవారి మనుమలం, మునిమనుమలం మనం. మారిషస్ నుంచి, ఫిజీ నుంచి, నటాల్ నుంచి మళ్లీ బయలుదేరి కెనడా నగరాలకు చేరాం. కొత్త ఊరు మనిషిని ఎలా ఆదుకుంటుంది, ఎలా తోసేస్తుంది అన్నది మనం పుస్తకాల్లో చదివి నేర్చుకున్న విషయం కాదు.

కెనడా నగరాలకు ఒక విచిత్రమైన అలవాటు ఉంది. తెరమీద అవి తమ పేరుతో కనబడటం తక్కువ, వేరే ఊళ్ల వేషం కట్టడం ఎక్కువ. 'మూన్‌స్ట్రక్' (1987) చిత్రంలో న్యూయార్క్‌గా మనం చూసేది చాలా చోట్ల టొరంటోనే. 'షికాగో' (2002) కూడా టొరంటోలోనే తీశారు. జాకీ చాన్ నటించిన 'రంబుల్ ఇన్ ది బ్రాంక్స్' (1995) కథ న్యూయార్క్‌లో జరుగుతుంది గాని, చిత్రీకరణ జరిగింది వాంకూవర్‌లో. మేడల వెనకాల కొండలు నిక్షేపంలా కనబడుతూనే ఉంటాయి. బ్రాంక్స్‌లో కొండలెక్కడివండీ! దీనికి కారణం డబ్బే. కెనడా డాలరు విలువ తక్కువ, ప్రభుత్వాలు పన్ను రాయితీలు ఇస్తాయి, పని తెలిసిన సాంకేతిక నిపుణులు ఇక్కడే దొరుకుతారు. వాంకూవర్‌కైతే ఆ రోజుల్లో లాస్ ఏంజిలిస్‌తో గడియారం కూడా కలిసేది.

ఇందులో నష్టమేమిటి, నాలుగు ఉద్యోగాలు వచ్చాయి కదా అనవచ్చు. నిజమే. కాని ఇక్కడ పుట్టిన పిల్లవాడు తాను రోజూ బస్సెక్కే వీధిని తెరమీద చూసి, దాని పేరు న్యూయార్క్ అని వింటాడు. తన ఊరికి చెప్పుకోదగ్గ కథ లేదని అతడికి ఎవరూ చెప్పనక్కరలేదు, వాడికే అర్థమవుతుంది. ఈ సంగతి మనకు కొత్త కాదు. ఫిజీలో దక్షిణాది వారందరినీ కలిపి 'మద్రాసీ' అన్నారు. బర్మాలో మన రేవు పేరు పెట్టి 'కోరంగీ' అన్నారు. మరొకరి పేరుతో పిలిపించుకుంటే ఎలా ఉంటుందో మన ఇళ్లలో తెలియనివారు లేరు. 'స్కాట్ పిల్‌గ్రిమ్ వర్సెస్ ది వరల్డ్' (2010) ఈ వేషాన్నే హాస్యం చేసింది. అందులో ఒక పోరాటం సినిమా షూటింగు మధ్యలో జరుగుతుంది. న్యూయార్క్ బొమ్మ ఉన్న తెరను హీరో చీల్చుకుని పడితే వెనకాల అసలు టొరంటో బయటపడుతుంది. కుర్రకారు చిత్రమే అయినా ఆ ఒక్క చమత్కారం కోసం చూడవచ్చు.

టొరంటో తన పేరుతోనే నిలబడిన తొలి గొప్ప చిత్రాల్లో 'గోయింగ్ డౌన్ ది రోడ్' (1970) ముఖ్యమైనది. దర్శకుడు డోనల్డ్ షెబిబ్, 2023లో కన్నుమూశారు. చాలా తక్కువ ఖర్చుతో, 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై, వీధుల్లోనే తీశారు. పీట్, జోయీ అనే ఇద్దరు స్నేహితులు తూర్పు తీరంలోని నోవా స్కోషియా నుంచి పాత షెవ్రొలే కారులో బతుకుదెరువుకు టొరంటో వస్తారు. ఊళ్లో బంధువులున్నారు కదా అన్నది వాళ్ల ధైర్యం. ఆ బంధువులు వీళ్ల వాలకం కిటికీలోంచి చూసి, తలుపు తీయకుండా దాక్కుంటారు. మొదటి రాత్రి సాల్వేషన్ ఆర్మీ వారి వసతిలో గడుస్తుంది. తరువాత సోడా సీసాలు నింపే కర్మాగారంలో పని, వారానికి 80 డాలర్లు. పీట్‌కు ఆఫీసు ఉద్యోగం మీద ఆశ. ప్రకటనల కంపెనీకి వెళ్లి అడుగుతాడు, చదువేదీ అంటారు. జోయీ ప్రేయసి గర్భవతి అవుతుంది, పెళ్లి చేసుకుంటాడు, వాయిదాల మీద సామాను కొంటాడు. వేసవి దాటగానే కర్మాగారం వారిని తీసేస్తుంది. ఇక అక్కడినుంచి దిగజారుడే. చివరకు ఏ కారులో వచ్చారో ఆ కారులోనే, జోయీ భార్యను వదిలేసి, ఇంకా పడమటికి పారిపోతారు.

ఈ కథలో మనం గమనించవలసినది ఒకటుంది. వీళ్లిద్దరూ తెల్లవాళ్లు, ఈ దేశంలోనే పుట్టినవాళ్లు, ఇంగ్లీషు తప్ప వేరే భాష లేనివాళ్లు. అయినా నగరం వాళ్లను బయటివాళ్లుగానే చూసింది. మన తాతలను మేస్త్రీ మాటలు నమ్మించాయి, గిరిమిట్టు కాగితం కట్టిపడేసింది. పీట్, జోయీలను ఎవరూ కట్టిపడేయలేదు, పోవాలంటే పోవచ్చు. ఆ తేడా చాలా పెద్దది, దాన్ని చెరిపివేయకూడదు. కాని అక్కడికి వెళితే అంతా బాగుపడుతుందన్న ఆశ మాత్రం ఒకే గుడ్డలోంచి చింపినట్టుంటుంది. యంగ్ స్ట్రీట్‌లోని 'శామ్ ది రికార్డ్ మ్యాన్' దుకాణంలో పీట్ ఒక యువతి వెంట వెళ్లి, ఆమె వింటున్న ఎరిక్ సాటీ సంగీతం వింటాడు. ఆమె ప్రపంచం అతడికి చేయి చాపేంత దూరంలోనే ఉంది, అందదు. నగరమంటే ఏమిటో ఈ ఒక్క ఘట్టం చెబుతుంది.

'మసాలా' (1991) మనకు ఇంకా దగ్గరి చిత్రం. దర్శకుడు శ్రీనివాస కృష్ణ మద్రాసులో పుట్టి టొరంటోలో పెరిగారు, కథానాయకుడు కూడా ఆయనే. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం పేలి 329 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది కెనడా పౌరులు. అటువంటి దుర్ఘటనలోనే తల్లిదండ్రులను, తమ్ముణ్ణి పోగొట్టుకున్న కుర్రవాడి కథ ఇది. ఇంత బరువైన విషయం పెట్టుకుని చిత్రం నవ్విస్తుంది, పాడుతుంది. జోహ్రా సెహగల్ వేసిన బామ్మ టీవీలో వీడియో పెట్టుకుని శ్రీకృష్ణుడితో మాట్లాడుతుంది, ఆయన తిరిగి జవాబిస్తాడు. చీరల వ్యాపారి, పోస్టల్ ఉద్యోగి, ఆ దేవుడు, మూడు పాత్రలూ సయీద్ జాఫ్రీవే. దేవుణ్ణి ఇలా చూపడం కొందరికి కోపం తెప్పించింది. నాకు మాత్రం ఆ బామ్మ నమ్మకం ఎగతాళిగా తోచలేదు. గుడి దూరమై, బయట మంచు కురుస్తూ, కోడలు పనికి పోయిన ఇంట్లో టీవీ ముందు చేతులు జోడించే పెద్దలు మనకు తెలియనివారా?

నగరం నడిబొడ్డు ఒకటి, మనవాళ్లు కాపురముండే శివారు మరొకటి. స్కార్‌బరో 1998 వరకు వేరే పురపాలక నగరం, ఆ తరువాత టొరంటోలో కలిసింది. డేవిడ్ చారియాండి 2017లో రాసిన నవల ఆధారంగా క్లెమెంట్ వర్గో తీసిన 'బ్రదర్' (2022) అక్కడి కథ. రచయిత తల్లిదండ్రులు ట్రినిడాడ్ నుంచి వచ్చారు. తల్లి ఆఫ్రికా సంతతి, తండ్రి భారతీయ సంతతి. అంటే తోటల చరిత్ర ఆయన ఇంట్లోనూ ఉంది. సినిమాలో ఒంటరి తల్లి, ఇద్దరు కొడుకులు. అన్న తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కరెంటు టవరు ఎక్కిస్తాడు. తీగల హోరు, పైనుంచి ఊరంతా కనబడటం, కాలు జారితే అంతే అన్న భయం. స్కార్‌బరోలో పిల్లలను పెంచిన ఏ తల్లికైనా ఆ ఘట్టం నిద్ర పట్టనివ్వదు. 'స్కార్‌బరో' (2021) అన్న పేరుతోనే ఇంకొక చిత్రం ఉంది. పేద పిల్లలకు చదువు చెప్పే కేంద్రం చుట్టూ నడుస్తుంది, చిన్నపిల్లల నటన అబ్బురం. వాంకూవర్‌కు మీనా షమ్ తీసిన 'డబుల్ హ్యాపీనెస్' (1994) చాలు. చైనా కుటుంబం కథే అయినా, తండ్రి కుదిర్చే సంబంధాలూ కూతురి రహస్యాలూ మన ఇంటివే. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత ఫిజీ నుంచి సర్రే, బర్నబీ చేరిన కుటుంబాల్లో ఇది చూసి ముసిముసిగా నవ్వుకోనివారు ఉండరు.

తెలుగులో ఇటువంటివి లేవా అంటే, రెండు చెబుతాను. బాలచందర్ 'ఆకలి రాజ్యం' (1981) తెలుగు కుర్రాళ్లను ఢిల్లీలో పెట్టి తీసిన చిత్రం. ఇంట్లో గింజ లేకపోయినా, పక్కనున్న అమ్మాయికి తెలియకూడదని భోంచేస్తున్నట్టు నటించే ఘట్టం మరువరానిది. శ్రీశ్రీ కవిత్వం నోట్లో, ఆకలి కడుపులో. రెండవది వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖపట్నంలోని ఒక పేట, నాలుగు ప్రేమకథలు. నటించినవారు చాలావరకు ఆ పేట మనుషులే, వారి మాట ఉత్తరాంధ్ర మాట. మన పూర్వీకుల్లో చాలామంది పాత విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల నుంచే ఓడలెక్కారు. మన ముసలివాళ్లు మాట్లాడితే 'ఇదేం తెలుగు' అని నవ్వేవాళ్లకు ఈ సినిమా చూపించండి. ముగింపు మాత్రం చెప్పను, చెబితే పాపం.

వీటిలో ఒక్కటే చూసే తీరిక ఉంటే 'గోయింగ్ డౌన్ ది రోడ్' చూడండి, వీలైతే వచ్చిన కొత్తలో కర్మాగారాల్లో పనిచేసిన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని. పీట్ వెళ్లిన రికార్డుల దుకాణం 2007లో మూతపడింది. దాని తిరిగే రికార్డుల నియాన్ బోర్డును మాత్రం బాగుచేసి, 2018లో యంగ్, డండాస్ వీధుల కూడలి దగ్గర ఒక మేడ మీద మళ్లీ వెలిగించారు. అటువైపు వెళ్లినప్పుడు తలెత్తి చూస్తే కనబడుతుంది.